నడిగడ్డ 1.4

"ఆ ఫాంట్ నేను చెయ్యలే మేడం. మొత్తం మా ఆమెనే చేసింది. జములమ్మ."

పెళ్లయిన తొమ్మిదేళ్లలో మా ఆయన నా పూర్తి పేరు నలుగురిలో పలకడం అదే మొదటిసారి. నేను వంటింటి గడప దగ్గర నిలబడి, చేతికంటిన జొన్నపిండి కొంగుకు తుడుచుకుంటున్నాను. షాపు బల్ల మీద సెల్‌ఫోన్ స్పీకర్‌లో ఉంది. అందులోంచి హైదరాబాద్‌లోని ఉష మేడం గొంతు వస్తోంది. వయోజన విద్య నడిపే ఒక సంస్థకు ఆమె పెద్ద. బల్లకు ఇటువైపు, అలంపూర్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చిన ఒక టీచరు కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర తాడు విప్పిన పుస్తకాల కట్ట ఉంది.

"ఎవరు చేశారన్నది తర్వాత చూద్దాం," అంటోంది ఉష మేడం. "పోయిన నెల ప్రూఫు నేనే చూశాను. బ్రహ్మాండంగా ఉంది. ఆఖరి నిమిషంలో మీరే కదా ఇదే ఫాంటుకు కొత్త వెర్షన్ 1.4 పెట్టాం, వాడండి అన్నారు. అది వేసి నేరుగా ప్రెస్సుకు పంపించాం. పదిహేను వందల పుస్తకాలు అచ్చయ్యాయి. ఒక్క పేజీ కూడా చదివేలా లేదు."

"ఆడమనిషి గద మేడం, వంట చేసుకుంట జేసింది. యాడనో చెయ్యి తప్పి ఉంటది. ఇయ్యాలనే ఆ ఫాంట్ వెబ్‌సైట్‌ల కెల్లి తీసేస్త. ఇగ మా ఆమె కంప్యూటర్ ముట్టదు. నాది పూచీ."

"తీసేస్తే ఏం లాభమండీ? ఇంకో నాలుగు పుస్తకాలు ఇదే ఫాంటుతో వేద్దామనుకున్నాం. సాయంత్రం ఐదింటికి మళ్లీ ఫోన్ చేస్తాను. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నాకు తేలాలి. తేలకపోతే ఈ ఫాంట్‌ను పూర్తిగా వదిలేస్తాం."

ఫోన్ ఆగిపోయింది. మా అత్త చంద్రమ్మ మంచం మీద నుంచి అంది: "నేను మొదటి సంది మొత్తుకుంటనే ఉన్న. ఆ డబ్బా ముంగట కూసోవద్దని."

అప్పుడు పదకొండు దాటింది. నాకు ఆరు గంటల టైము కూడా లేదు.

వెనక కథ కొంచెం చెప్పాలి. మా పుట్టిల్లు గద్వాల. మా నాయిన సాయన్న చీరలు నేసేవాడు. అంచులో వచ్చే హంసలు, రుద్రాక్షలు ముందు గళ్ల కాగితం మీద వేసుకోవాలి. పదేళ్ల వయసు నుంచీ ఆ కాగితాలు నేనే వేసేదాన్ని. గడి ఒకటి తప్పితే హంస మెడ విరిగినట్టు కనిపిస్తుంది. బి.కాం. అయ్యాక వనపర్తిలో డీటీపీ సెంటర్ ఉన్న ఈయనకు ఇచ్చి చేశారు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో మేం. "జములమ్మ ఏంది, ముసలిదాని పేరు తీరు" అని మూడోరోజే నన్ను జమునను చేశారు. వంట అయ్యాక టైపింగ్, టైపింగ్ అయ్యాక అంట్లు. పెళ్లికార్డులు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టులు. 2007లో ఇంటర్నెట్ పెట్టించినప్పుడు మా ఆయన ఒకరోజు అన్నాడు: "ఇప్పుడు అందరూ యూనికోడ్ అంటున్రు. మంచి తెలుగు ఫాంట్ ఒకటి జేసి ఉచితంగ ఇస్తే షాపుకు పేరొస్తది. నువ్వు ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద, జర చూడు." ఖాళీగా ఉండే నేను నిఘంటువు పక్కన పెట్టుకుని, ఫాంట్లు చేసే ఉచిత ప్రోగ్రామ్ ఒకదాని ఇంగ్లిష్ పుస్తకం మొత్తం చదివాను. కంప్యూటర్ తెర మీద కూడా గళ్లే. నాకు కొత్తగా అనిపించలేదు. పదకొండు నెలల్లో ఫాంట్ తయారైంది. కృష్ణకు తుంగభద్రకు మధ్య ఉన్న మా నేల పేరే దానికి పెట్టాను. నడిగడ్డ.

అది ఓపెన్ సోర్స్ ఫాంట్. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. చేసినవాళ్ల పేరు మాత్రం తీసేయకూడదు. లైసెన్సులో అడిగేది అదొక్కటే. ఫాంట్ ఫైల్లో 'రూపకర్త' అని ఒక గడి ఉంటుంది. అందులో మా ఆయన తన పేరు రాసుకున్నాడు. నేను అప్పుడు ఏమీ అనలేదు. పాపకు జ్వరంగా ఉందనో, చుట్టాలొచ్చారనో గుర్తు. వాడేవాళ్ల నుంచి ఉత్తరాలు, మెయిళ్లు రావడం మొదలైంది. 'అయ్యా, జిరాక్సు తీస్తే ఢ పొట్టలో గీత పూడుకుపోతోంది.' 'సార్, లక్ష్మిలో కింది వత్తు కింది లైనును తాకుతోంది.' నేను రూళ్ల నోటుబుక్కులో ఒక్కొక్కటీ రాసుకుని, సరిచేసి, సార్ తరఫున జవాబు రాసేదాన్ని. ఆగస్టులో ఒక పేపరాయన వచ్చి అరపేజీ వ్యాసం వేశాడు. 'తెలుగు అక్షరానికి వనపర్తి యువకుడి కానుక.' ఫొటోలో మా ఆయన, కంప్యూటర్. ఆ పేపరాయన పోతూ పోతూ నాతో కూడా ఒక మాట అన్నాడు. "టీ చాలా బాగుందమ్మా."

ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పదకొండు దాటింది అన్నాను కదా.

మా ఆయన బయటకు వెళ్లాడు. "నేను వచ్చేసరికి తప్పు యాడ జేసినవో రాసి పెట్టు" అని చెప్పి మరీ వెళ్లాడు. నేను కట్టలోంచి ఒక పుస్తకం తీశాను. మొదటి పాఠం పేర్లది. చదువుకునే ఆడవాళ్ల పేర్లే పాఠం. అలివేలమ్మ, తిరుపతమ్మ, ఇలా. ప్రతి పేరులోనూ మ కింద వాలి ఉండాల్సిన వత్తు లేదు. దాని బదులు పక్కన ఇంకో మ, రెంటి మధ్య ఒక పొల్లు. గుడులు, కొమ్ములు కూడా అక్షరాన్ని వదిలేసి పక్కకు జరిగి నిలబడ్డాయి. అంచు ఊడిన చీరలా ఉంది పేజీ. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ పోగు పోగునా కలుపుతూ నేస్తారు. ఆ కలుపు తప్పితే నూలు బాగానే ఉంటుంది, పట్టూ బాగానే ఉంటుంది, చీర మాత్రం ఉండదు.

"మా తిరుపతమ్మవ్వకు అరవై రెండేండ్లు," అంది టీచరు. "వరదల మా పాత పుస్తకాలన్ని కొట్టుకపోయినయ్. రెండు నెలల సంది కొత్తవి ఎప్పుడొస్తయని పానం తింటుండె. నిన్న కట్ట విప్పి ఆమె పేజీ ఆమెకే ఇచ్చిన. జర సేపు జూసి, ఇది నా పేరు గాదు బిడ్డా, నేను ఇంక నేర్వలేదేమో, నన్ను ఇడిసిపెట్టు అన్నది. ఇయ్యాల సెంటరుకు రాలే."

అని ఆమె నా నోటుబుక్కు వైపు చూసింది. అందులో ఒక పేజీకి గుండుసూదితో గుచ్చిన ఉత్తరం ఉంది. ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టిన జిరాక్సు కాగితం.

"ఇది నా దస్కత్ గద?"

అప్పుడు తెలిసింది. ఆమె బాలనాగమ్మ. నడిగడ్డకు అందరికంటే ఎక్కువ తప్పులు చూపించిన మనిషి. ఏ అక్షరం దగ్గర ఎవరు తడబడ్డారో పేర్లతో సహా రాసి పంపేది.

"మీ ఉత్తరాలు అన్ని నా దగ్గరనే ఉన్నయక్కా," అన్నాను.

ఆమె నోటుబుక్కు పేజీలు తిప్పింది. ఒకసారి నన్ను, ఒకసారి గోడ మీద ఫ్రేము కట్టించిన పేపరు వ్యాసాన్ని చూసింది.

"రెండేండ్లు సార్, సార్ అని రాసింది నీకేనా? ఓయమ్మో! దసరాకు సార్ గారికీ, వారి సతీమణికీ శుభాకాంక్షలని గూడ రాస్తిని."

"అవి ఇద్దరివీ నేనే తీసుకున్న."

ఆమె పెద్దగా నవ్వింది. మంచం మీద మా అత్త ఇటు తిరిగింది. నాకు నవ్వడానికి టైము లేదు.

ముందు చేయాల్సింది ఒకటే. నా పెన్‌డ్రైవ్‌లో నేను చేసిన 1.4 ఉంది. వెబ్‌సైట్‌లో జనం దించుకునే 1.4 ఉంది. రెండూ ఒకటే అయితే తప్పు నాది. నా ఫైలుతో 'అమ్మ' అని ప్రింటు తీశాను. వత్తు దాని చోట అది ఉంది. వెబ్‌సైట్ నుంచి దించిన ఫైలుతో తీశాను. ఊడిపోయింది. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. బాలనాగమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది.

"అంటే?"

"నేను ఇచ్చింది వేరే. ఎక్కింది వేరే."

"జమునా, అన్నం మాడు వాసనొస్తుంది!" అని మా అత్త కేక. వెళ్లి గిన్నె దించి వచ్చాను. రొట్టెలు కాల్చాను. బాలనాగమ్మకు, అత్తకు పెట్టాను. ఒంటిగంటకు పాపకు స్కూలు గేటు దగ్గర డబ్బా ఇచ్చి వచ్చాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆ రోజు దొంగను పట్టుకునే పనిలో ఉన్నా వీటిలో ఏదీ తగ్గలేదు. పోలీసులకు ఇలాంటి ఇబ్బంది ఉండదనుకుంటాను.

రెండింటికి వెబ్‌సైట్ ఫైలును విప్పాను. అక్షరాలన్నీ నావే. ఢ పొట్టలో నేను వెడల్పు చేసిన గీతతో సహా. లేనివి కలుపు సూత్రాలు. ఏ అక్షరం కింద ఏ వత్తు చేరాలి, ఏ గుడి ఎక్కడ వాలాలి అని కంప్యూటర్‌కు చెప్పేవి అవే. ఏడు వందల పైచిలుకు. ఒక్కటీ మిగల్లేదు. చెయ్యి తప్పితే ఒకటో రెండో పోతాయి. ఏడు వందలూ ఒకేసారి పోవు. వాటిని ఎవరూ ఏరి తీసెయ్యలేదు. అలాంటివి ఉంటాయని కూడా తెలియని పాత ప్రోగ్రామ్ ఏదో ఈ ఫైలును తెరిచి, మళ్లీ దాచింది. పదేళ్ల కిందటి డీటీపీ ఫాంట్లలో అక్షరానికో మీట, వత్తుకో మీట. కలపడం టైపు చేసే మనిషి పని. కాబట్టి ఆ కాలపు ప్రోగ్రామ్‌లకు కలుపు సూత్రాలంటే తెలియదు. తెలియనిదాన్ని అవి చడీచప్పుడు లేకుండా పారేస్తాయి. అచ్చం మనుషుల్లాగే.

ఫైలు దాచినప్పుడు ఆ ప్రోగ్రామ్ తన పేరును, తేదీని లోపల రాసి పెడుతుంది. చూశాను. మా షాపులో మూలనున్న పాత కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామే. నవంబరు 14, శనివారం, ఉదయం పదకొండు నలభై రెండు.

ఆ ఒక్క గంటా నేను ఎక్కడ ఉన్నానో కావాలి. సాక్షి కూడా కావాలి. సాక్షి మంచం మీద ఆకు వక్క నములుతోంది.

"అత్తమ్మా, మనం బీచుపల్లి గుడికి పోయినం గద, ఆ శనివారం ఏ యాళకు బస్సెక్కినం?"

"ఏడింటికి. ఎందుకే?"

"తిరిగి ఎప్పుడొచ్చినం?"

"దీపాలు పెట్టే యాళకు. పెబ్బేరుల రెండు గంటలు నిలబెట్టలే? నా మోకాళ్లు పడిపాయె. అంజన్న మొక్కు నాది, పొమ్మన్నది మాత్రం వాడు. అమ్మా, ఇయ్యాలనే పోయిరా, జమునను తోల్కపో అని ఒకటే తొందర."

"పగటిపూట నేను మీతోనే ఉన్ననా?"

"నా చెయ్యి పట్టుకోని నువ్వే గదనే మెట్లెక్కిచ్చినవ్! మతి గిట్ల పోయిందా?"

బాలనాగమ్మ నా వైపు చూసింది. టీచర్లు సరైన జవాబు రాసే పిల్లను మధ్యలో కదిలించరు.

ఇంక మిగిలింది కారణం. ఆ ఫైలు ఎందుకు తెరిచినట్టు? రెండు ఫైళ్లలో మరింకేం తేడా ఉందో గడి గడీ పోల్చుకుంటూ వచ్చాను. ఒక్కచోట ఆగాను. నిజానికి ముందే అక్కడికి వెళ్లాల్సింది. వెళ్లబుద్ధి కాలేదు.

నవంబరు మొదటి వారంలో బాలనాగమ్మ ఉత్తరం వచ్చింది. 'సార్, మా తిరుపతమ్మవ్వ పేరు రాయడం నేర్చింది. వరదలో మిగిలిన ఒక్క చాట మీద బొగ్గుతో రాసుకుంది. ఎవరైనా అడిగి పట్టుకపోతే ఎవరిదో తెలియాలి కదా అంటోంది.' ఆ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. బాలనాగమ్మ అందులోనే అడిగిన ళ్ళ వత్తు సరిచేసి 1.4 పూర్తి చేశాను. రూపకర్త అనే గడిలో మా ఆయన పేరు తీసి, నా పేరు టైపు చేశాను. జమున కాదు, జములమ్మ. పెన్‌డ్రైవ్‌ను శుక్రవారం, ఎప్పటిలాగే, ఆయన చేతికిచ్చి, వెబ్‌సైట్‌లో పెట్టండి అన్నాను. పేరు సంగతి చెప్పలేదు. చూస్తాడనుకోలేదో, చూడాలనుకున్నానో, నాకు ఇప్పటికీ తెలియదు.

వెబ్‌సైట్ ఫైలులో రూపకర్త గడి తెరిచాను. మా ఆయన పేరు ఉంది.

ఏడు వందల సూత్రాలు ఆ ఒక్క గడి కోసం పోయాయి. నా కొత్త ప్రోగ్రామ్ ఆయనకు రాదు. తనకు వచ్చిన పాత ప్రోగ్రామ్‌లో తెరిచాడు. పేరు మార్చాడు. దాచాడు. అక్షరాలు కనిపిస్తున్నాయి కదా అని ఎక్కించాడు. పదిహేను వందల పుస్తకాల్లో ఆడవాళ్లందరి పేర్లూ విరిగిపోయాయి. పొద్దున నా మీద నింద వేసినప్పుడు ఆయన అబద్ధం ఆడలేదు. నా చెయ్యే తప్పి ఉంటుందని నిజంగానే నమ్మాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. నా ఫైలును ఒక్కో అక్షరం పరీక్షించి, 1.5 అని పేరు మార్చి నాలుగుంబావుకు వెబ్‌సైట్‌లో ఎక్కించాను. తర్వాత టీ పెట్టాను.

నాలుగున్నరకు మా ఆయన వచ్చాడు. బల్ల మీది రెండు ప్రింట్లు, తేదీ రాసిన కాగితం చూశాడు. పాత కంప్యూటర్ వైపు చూశాడు. "ఇటు రా," అని వంటింట్లోకి నడిచాడు.

"వైరస్ అని జెప్పు."

"వైరస్ నా పేరు తీసి మీ పేరు పెడ్తదా?"

"మెల్లగ మాట్లాడు! బయట మనిషున్నది. నాకేం తెల్సు గట్లయితదని? ఒక్క పేరే గద మార్చిన. షాపు నాది, కంప్యూటర్ నాది. నా పేరుంటే నీకు పోయేదేంది?"

"తిరుపతమ్మవ్వకు ఆమె పేరు పోయింది."

"ఎవరామె?" నిజంగానే అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "జూడు జమునా. నువ్వయితే ఆడమనిషివి, తప్పయింది మేడం అంటే ఊకుంటరు. నాకైతే ఊర్ల ఇజ్జత్ పోతది. పేపర్ల ఫొటో పడ్డోన్ని. నువ్వు ఒప్పుకో. రేపటి సంది కావాలంటే నీ పేరే పెట్టుకో, నేను అద్దనలే. ఒప్పుకోకుంటే మాత్రం ఇగ ఆ కంప్యూటర్ మొఖం జూడవు. చెప్తున్న."

ఇంత మంచి బేరం తొమ్మిదేళ్లలో ఆయన ఎప్పుడూ నా ముందు పెట్టలేదు. నేను ఆలోచించాను కూడా. ఒక అబద్ధం, దానికి బదులు నా పేరు. కానీ చేతకాని మనిషి చేసిందని తేలిన ఫాంట్ మీద నా పేరు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? ఐదింటి తర్వాత ఆ ఫాంట్‌ను ఎవరు వాడతారు? పొయ్యి మీద టీ పొంగింది. మంట తగ్గించి, నాలుగు గ్లాసుల్లో పోసి, ముందు గదిలోకి తెచ్చాను.

ఫోన్ సరిగ్గా ఐదుకు మోగింది. మా ఆయన అందుకోబోయాడు. బాలనాగమ్మ ముందే మీట నొక్కి స్పీకర్‌లో పెట్టింది.

"చెప్పండి. ఏం తేలింది?"

"మేడం, నేను జములమ్మను. ఫాంట్ చేసింది నేను," అన్నాను. వరసగా చెప్పాను. రెండు ఫైళ్లు, పోయిన సూత్రాలు, పాత ప్రోగ్రామ్, శనివారం పదకొండు నలభై రెండు, బీచుపల్లి, రూపకర్త గడిలో మారిన పేరు. సరైన ఫైలు 1.5 పేరుతో వెబ్‌సైట్‌లో ఉందని, ప్రూఫు చూసుకోకుండా ప్రెస్సుకు పంపవద్దని చెప్పాను. ఉష మేడం మధ్యలో రెండుసార్లు మాత్రమే ప్రశ్న వేసింది. రెండూ సరైన ప్రశ్నలే.

"అంటే ఎవరో కావాలనే తెరిచి, మీ పేరు తీసి, వాళ్ల పేరు పెట్టుకున్నారు."

"అవును మేడం."

"ఎవరు?"

"మా ఆయన."

మంచం కిర్రుమంది. మా అత్త లేచి కూర్చుంది. మా ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఆయనంటే ఎవరమ్మా? మాకు షాపు పేరు ఒక్కటే తెలుసు. దీన్ని మేం మా కమిటీకి రాసి పెట్టాలి. పేరు చెప్పండి."

మా ఇంట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందట. దవాఖానలో నర్సు అడిగితే మా అత్త చెప్పేది. రేషన్ షాపులో కార్డు చూపించేదాన్ని. పాపను స్కూల్లో చేర్చినప్పుడు తండ్రి పేరేమిటని టీచరు అడిగితే, నేను తల దించుకున్నాను. నాలుగేళ్ల పిల్ల చెప్పింది. కాగితం మీద వందసార్లు రాశాను. ఫాంట్‌లో గడి గడీ చెక్కి అచ్చు కూడా వేశాను. నోటితో ఒక్కసారి అనలేదు.

అలవాటుగా మా అత్త వైపు చూశాను. ఎప్పుడూ నా బదులు చెప్పేది ఆమే. ఇవాళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వద్దన్నట్టు రెండో చెయ్యి అడ్డంగా ఊపుతోంది. పాత కంప్యూటర్ వైపు ఒకసారి చూసి, ఆ చెయ్యి కూడా దించేసింది.

"హలో, వింటున్నారా? పేరు?"

నేను ఫోన్ దగ్గరకు వంగాను. ఏ అక్షరమూ మింగకుండా, ముందు గది దాటి రోడ్డు మీదికి కూడా వినబడేలా చెప్పాను.

"శివశంకర్."